మంచు కురిసే చోట కరివేపాకు: చలికాలం దాటేదెలా?

వేసవంతా గుబురుగా పెరిగిన కరివేపాకు మొక్క డిసెంబరు వచ్చేసరికి ఆకులన్నీ రాల్చి పుల్లలా మిగులుతుంది. ఇక చచ్చిపోయిందనుకుని చాలామంది దాన్ని పారేస్తారు. నిజానికి అది బతికే ఉండవచ్చు. అమెరికాలోని షికాగో, న్యూజెర్సీ వంటి చోట్ల ఉండే తెలుగువారికి ఇది చిన్న నష్టం కాదు. నిమ్మజాతి తోటలకు తెగులును మోసుకొచ్చే సిల్లిడ్ అనే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే విదేశాల నుంచి తాజా కరివేపాకు తేవడంపై అక్కడ ఆంక్షలున్నాయి.

చలి ఏం చేస్తుంది?

నీరు గడ్డకట్టకముందే ఉష్ణమండలపు మొక్కలకు చలిదెబ్బ తగులుతుంది. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉంటే తులసి జాతి మొక్కల ఆకులు నల్లబడతాయి. కణాల చుట్టూ ఉండే పొరలో కొవ్వు పదార్థాలు ఉంటాయి. చలికి నెయ్యి పేరుకున్నట్లే ఇవీ బిగుసుకుపోతాయి. అప్పుడు పొర పట్టు తప్పి, కణంలోని లవణాలు బయటికి కారిపోతాయి.

సున్నా డిగ్రీల కిందికి పోతే ప్రమాదం మరో రకం. కణాల మధ్య ఖాళీల్లో మంచు స్ఫటికాలు ఏర్పడి, కణాల్లోని నీటిని లాగేసుకుంటాయి. మంచు తగిలిన ఆకు ఎండిపోయినట్లు కనిపించేది అందుకే. చలిదేశపు మొక్కలు శరదృతువులోనే తమ కణాల్లో చక్కెరలను, చలికి తేలిగ్గా పేరుకోని కొవ్వులను పెంచుకుంటాయి. ఉష్ణమండలపు మొక్కలకు ఈ నేర్పు చాలా తక్కువ.

ఇంట్లోకి తెచ్చాక

రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు చేరకముందే కుండీని లోపలికి తేవాలి. అంతకుముందు ఆకుల అడుగున నల్లి, పొలుసు పురుగులు ఉన్నాయేమో చూసి, నీటితో కడగాలి. దక్షిణం వైపు కిటికీ దగ్గర ఉంచితే వెలుతురు బాగా అందుతుంది.

డిసెంబరు చివర హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలుంటే, షికాగోలో 9 గంటలే. వెలుతురు తగ్గితే ఎదుగుదల మందగిస్తుంది, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరూ తగ్గుతుంది. వేసవిలో పోసినంత నీరే పోస్తే మట్టి ఎప్పుడూ తడిగా ఉండి, వేళ్లకు గాలి అందక కుళ్లిపోతాయి. చలిని తప్పించుకున్న మొక్క తరచు ఇలా నీటి వల్లే పోతుంది. పైమట్టి రెండు మూడు సెంటీమీటర్ల లోతు ఆరాకే నీరు పోయాలి. ఈ కాలంలో ఎరువు వేయనక్కర లేదు.

బతికుందా, లేదా?

ఆకులు రాలిన కాండాన్ని గోటితో కొద్దిగా గీరి చూడాలి. బెరడు కింద పచ్చగా ఉంటే ఆ మొక్క విశ్రాంతిలో ఉందన్నమాట. వసంతంలో మంచు భయం పూర్తిగా పోయాక, ముందు వారం పది రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాతే ఎండకు అలవాటు చేయాలి. మోడులా కనిపించిన కొమ్మకు అప్పుడు మళ్లీ చిగుళ్లు వస్తాయి.