నీళ్లు మానేస్తే ఆగదమ్మా

ప్రశ్న: నా వయసు 46. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా మూత్రం చుక్కలు పడుతున్నాయి. రెండూ మామూలు కాన్పులే. కాన్పులయ్యాక ఆడవాళ్లకి ఇంతే అంటారు మా అత్తగారు. పెళ్లికి వెళ్లాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తున్నాను. ఇది ముదిరితే ఏమవుతుందోనని భయంగా ఉంది.
- ఒక సోదరి, జగిత్యాల

జవాబు: ముందు స్థిమితపడండి, ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు కాదు. మీ అత్తగారి మాటలో సగం నిజం. మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాలు కాన్పుల్లో సాగుతాయి, అందుకే పొట్ట మీద ఒత్తిడి పడగానే చుక్క జారుతుంది. దీన్ని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటాం. స్ట్రెస్ అంటే ఇక్కడ మనసులో టెన్షన్ కాదు, పొట్టలో ఒత్తిడి. ‘ఇంతే’ అన్న మాట మాత్రం ఒప్పుకోను: నులక మంచం వదులైతే పారేయం, బిగించుకుంటాం.

నలుగురిలో గ్యాస్ వస్తే ఎలా బిగబడతారో అలా ఆ కండరాల్ని లోపలికి లాగి, అయిదు లెక్కపెట్టి వదలండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి. పూటకి ఎనిమిది సార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు చేయాలి. కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో రాసిన ఈ వ్యాయామం ఇప్పటికీ మా మొదటి మందు. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చికాకుపెడుతుంది. మలబద్ధకం వస్తే ముక్కాలి, ముక్కితే అవే కండరాలు మళ్లీ సాగుతాయి. పెళ్లికి నీళ్లు తాగే వెళ్లండి, ప్యాడ్ పెట్టుకుని. మూత్రంలో రక్తం కనిపించినా, కింద ఏదో జారినట్టు అనిపించినా వెంటనే చూపించుకోండి.

ప్రశ్న: నాకు 61. వస్తోంది అనిపించిన క్షణం నుంచి బాత్రూం చేరేలోపే అయిపోతోంది. వేడి చేసిందని బార్లీ నీళ్లు, సబ్జా తాగుతున్నాను. మడికి పనికిరానని ఆరు నెలలుగా దీపం కోడలే పెడుతోంది.
- ఒక అమ్మ, తెనాలి

జవాబు: బార్లీ నీళ్లతో నష్టం లేదమ్మా, తాగండి. కానీ ఇది వేడి కాదు, మూత్రాశయం నిండకముందే తొందరపడి ముడుచుకోవడం. ముందు షుగరు, మూత్రం పరీక్షలు చేయించుకోండి. టీ, కాఫీ తగ్గించండి. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకుండా కూర్చుని, పైన చెప్పినట్టు బిగించి, అయిదు నిమిషాలు ఆగడం అలవాటు చేయండి. వారం వారం ఆ గడువు పెంచుకుంటూ పోతే ఆరు వారాలకి తేడా తెలుస్తుంది, తెలియకపోతే మందులున్నాయి. మంట, జ్వరం ఉంటే మాత్రం అన్నాళ్లు ఆగొద్దు. మడి సంగతి తేల్చే అధికారం నాకు లేదు. మీరు చేసిన తప్పేమీ లేదని మాత్రం చెప్పగలను.

ప్రశ్న: కాన్పై ఇరవై రోజులు. చుక్కలు పడుతున్నాయి. పచ్చి ఒళ్లు, పొట్ట పెరుగుతుందని అమ్మ నీళ్లు తక్కువ ఇస్తోంది.
- ఒక బాలింత, పార్వతీపురం

జవాబు: చాలామంది బాలింతలకి ఇలాగే ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. పాలిచ్చే తల్లికి నీళ్లు ఇంకా ఎక్కువ కావాలి, కాచి చల్లార్చినవైనా సరే, దాహం తీరా తాగండి. రాత్రీ పగలూ ఆగకుండా కారుతున్నా, అసలు మూత్రమే రాకపోయినా ఈరోజే ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: గర్భసంచి తీయిస్తే మూత్రం జారడం ఆగుతుందని మా ఊళ్లో చెబుతున్నారు. నాకు 39. భయమేస్తోంది.
- ఒక సోదరి, మెదక్

జవాబు: మీ భయం సరైనదే. గర్భసంచి వేరు, మూత్రాశయం వేరు. చుక్కలు పడుతున్నాయన్న ఒక్క కారణానికి గర్భసంచి తీయించుకోకండి, తీసేసినా ఇది ఆగదు. కండరాలకి వ్యాయామం మూడు నెలలు చేసి చూసి, అప్పటికీ తగ్గకపోతే దీనికే వేరే చిన్న ఆపరేషన్లున్నాయి. ఈలోగా ఎవరైనా తీసేద్దామంటే, ఇంకో డాక్టరుకి కూడా చూపించుకునే దాకా సంతకం పెట్టకండి.