మన ఎండకు తగిన గడ్డపూలు

1. శ్రీనగర్‌లోని తులిప్ తోట చూసొచ్చినవాళ్లు మా హనుమంతునిపాడులోనూ ఆ గడ్డలు నాటాలంటారు. తులిప్‌కు 12 వారాలకు తగ్గని చలి కావాలి. మన పుష్యమాసం దానికి ఏ మూలకు? ఫ్రిజ్‌లో పెట్టి పూయిస్తే ఒక్క ఏటి ముచ్చట, అంతే.

2. ప్రహరీ వెంట నాటాల్సింది మే పుష్పం. పుట్టిల్లు ఆఫ్రికా, ఎండిన నేలలో నెలల తరబడి పడుకుని, వేసవి జల్లుకు లేచే జాతి. భరణి, కృత్తిక కార్తెల్లో ఎర్రటి బంతి విచ్చుకుంటుంది. ఒక్కో బంతిలో 200 దాకా చిన్న పూలు. గడ్డకు ఏడాదికి ఒక్కటే బంతి, అదీ వారం పది రోజులే. ఒంటరిగా నాటితే వెలవెలబోతుంది. అయిదారు గడ్డలు జానెడు దూరంలో గుంపుగా పెట్టండి. వేప నీడ పడే తూర్పు వైపైతే ఉదయపు ఎండ సరిపోతుంది.

3. పువ్వు వాడగానే మనవాళ్లు చెట్టు సంగతి మరిచిపోతారు. అసలు పని అప్పుడే మొదలు. వచ్చే ఏటి పువ్వును గడ్డలో దాచేది ఆకే. చూపుకు అడ్డమని కోయకండి, ముడి వేయకండి. తుఫాను వానలు వెనకబట్టాక ఆకు తానే పండుతుంది. అప్పుడు నీళ్లు ఆపేయండి, ఉగాది దాకా. ఆపడమే కష్టం! పక్కన గులాబీ ఉంటే దానికి పోసే నీళ్లే ఈ గడ్డను కుళ్లబెడతాయి. ఈ రెండింటినీ ఒకే మడిలో పెట్టడం తెలివితక్కువ.

4. నల్లరేగడి అయితే మడిని జానెడు ఎత్తు చేసి ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపండి. అంచుకు మార్కాపురం పలకరాళ్ల ముక్కలు నిలబెడితే మట్టి జారదు. గడ్డ మెడ నేలమట్టానికి ఉండాలి.

5. గ్లాడియోలస్ జోలికి పోయేముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. కనిగిరి చుట్టుపక్కల ఫ్లోరైడ్ బెడద తెలిసిందే. అది ఎక్కువైతే ఆ మొక్క ఆకు కొసలు మాడతాయి. పట్టిన వాననీళ్లుంటే మేలు.

6. మే పుష్పం గడ్డ విషం. ఉల్లిగడ్డలా కనిపిస్తుంది కాబట్టి తవ్వినవి వంటింట్లో పెట్టకండి. మేకలు, గొర్రెలు తిరిగే వీధి వైపు నాటేటట్లయితే ముందు కంచె వేయండి.