బస్సు సేవ నాణ్యత – మహిళలను ఏమి అడగాలి?

బి.కాం., బి.బి.ఎ. చివరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు విషయమై నా దగ్గరకు వస్తుంటారు. చాలామంది ఎంచుకునేది "సిటీ బస్సులు – మహిళా ప్రయాణికుల సంతృప్తి". మంచి విషయమే. కాని వారి ప్రశ్నావళి చూస్తే, స్టాపులో యాభై మందిని "మీకు తృప్తిగా ఉందా?" అని అడిగి శాతాలు వేయడమే కనిపిస్తుంది. దానితో తెలిసేది తక్కువ.

సేవ నాణ్యతను కొలవడానికి పరశురామన్, జైథామల్, బెర్రీ అనే ముగ్గురు 1988లో సర్వ్‌క్వాల్ అనే పద్ధతిని ప్రకటించారు. కంటికి కనిపించే సౌకర్యాలు, మాట నిలకడ, వెంటనే స్పందించడం, భరోసా, ప్రయాణికుల ఇబ్బందిని పట్టించుకోవడం అని అయిదు పాళ్లు, మొత్తం 22 అంశాలు. ప్రతి అంశానికి ఆశించినదెంత, అందినదెంత అని రెండుసార్లు అడిగి తేడా చూడాలి.

బస్సు విషయంలో మాట నిలకడ అంటే వేళ. గంటకు మూడు బస్సులు 20 నిమిషాలకొకటి చొప్పున వస్తే సగటున 10 నిమిషాలు నిలబడాలి. అవే మూడూ 5 నిమిషాల తేడాతో వరుసగా వచ్చి, తరువాత 50 నిమిషాలు రాకపోతే? వ్యవధుల వర్గాలను కూడి (25+25+2500), మొత్తం సమయానికి రెట్టింపుతో (120) భాగించండి. 21 నిమిషాలు దాటుతుంది. డిపో రిజిస్టరులో మాత్రం రెండు రోజులూ మూడేసి ట్రిప్పులే! అందుకే ట్రిప్పుల లెక్కతో ఆగకుండా, వాచీ పెట్టుకుని స్టాపులో నిలబడి వ్యవధులు రాసుకోమంటాను.

కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం వచ్చింది. తమిళనాడులో 2021 మే నుండే సాధారణ టౌన్ బస్సుల్లో మహిళలకు టికెట్టు లేదు. ఇంటి ఖర్చులో ఇది చిన్న మేలు కాదు. అయితే "ఊరికే ఎక్కుతూ ఇంకా ఫిర్యాదులా?" అనే మాట నాకు నచ్చదు. కండక్టరు ఇచ్చే సున్నా టికెట్టు విలువను ప్రభుత్వం సంస్థకు చెల్లించాలన్నదే ఏర్పాటు. లెక్కల పుస్తకంలో ఆమె కూడా ఖాతాదారే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఢిల్లీ విశ్వవిద్యాలయం విద్యార్థులపై గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనంలో, దారి భద్రంగా ఉంటుందంటే అమ్మాయిలు తమకు సీటు వచ్చే మంచి కాలేజీని వదిలి తక్కువ స్థాయి కాలేజీలో చేరుతున్నారని తేలింది. మా వీధిలోనూ ఒక అమ్మాయి సాయంత్రం కోచింగ్ మానేసింది. బస్సు ఉంది, ఉచితమే. దిగిన చోటి నుండి ఇంటికి దీపాలు లేని అర కిలోమీటరు నడవాలి. ఇటువంటి అమ్మాయి మన యాభై మంది జాబితాలోకి రాదు, స్టాపులో ఉండదు కదా.

కనుక నమూనాలో కొందరిని బస్సు మానేసినవారి నుండి, ఇళ్లకు వెళ్లి తీసుకోండి. ఎప్పటి నుండి మానేశారు, బదులుగా ఎందులో వెళ్తున్నారు, నెలకు ఎంత అవుతోంది, బస్సులో ఏ సమయంలో ఏ ఇబ్బంది కలిగింది అని అడగండి. రద్దీలో జరిగిన అసభ్య ప్రవర్తన గురించి మగపిల్లలు అడిగితే జవాబు రాదు; ఆ భాగం మీ జట్టులోని అమ్మాయిలకు అప్పగించి, కాగితం మీద పేరు రాయించుకోకండి.