మేక మేసే ఆకులో ఖనిజాలు

సత్రపట్టి, రాజపాళయం ప్రాంతపు మెట్ట భూములలో మేకలు రేగు, తుమ్మ వంటి ముళ్ళ మొక్కల ఆకులు మేస్తాయి. తమిళ బడిలో చదివే పిల్లలు వీటిని ఇలందై, కరువేలం అని ఎరుగుదురు. ఈ ఆకులలో మేకకు ఏది దొరుకుతుందో, ఏది చాలదో తెలుసుకుందాం.

కొలిచే పద్ధతి: ఆకును ఎండబెట్టి, సుమారు 550 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలుస్తారు. మిగిలిన బూడిదలోనే ఖనిజాలు ఉంటాయి. దానిని ఆమ్లంలో కరిగించి, ఒక్కొక్క ఖనిజాన్ని పరికరంతో కొలుస్తారు.

ముదురాకు, లేతాకు: ఆకులో చేరిన కాల్షియం అక్కడే నిలిచిపోతుంది. భాస్వరం మాత్రం ముదురాకు నుండి చిగురుకు తరలిపోతుంది. అందువల్ల ముదురాకులో కాల్షియం ఎక్కువ, భాస్వరం తక్కువ. ఎండాకాలంలో మేకకు ఎక్కువగా దొరికేది ముదురాకే.

భాస్వరం చాలకపోతే: పశువు ఎముకలు నమలడం మొదలుపెడుతుంది. కుళ్ళిన కళేబరాల ఎముకల వల్ల బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధి రావచ్చు. దక్షిణాఫ్రికాలో సర్ ఆర్నాల్డ్ థీలర్, ఆయన సహచరులు 1920 ప్రాంతంలో ఈ సంబంధాన్ని తేల్చి చెప్పారు.

ఒక లెక్క: ఒక కిలో ఎండు ఆకులో కాల్షియం 20 గ్రాములు, భాస్వరం 2 గ్రాములు ఉన్నాయనుకుందాం. నిష్పత్తి 10:1. మేకకు 2:1 మంచిది. భాస్వరం చాలినంత ఉంటే 7:1 వరకు తట్టుకోగలదు. 200 గ్రాముల వరి తవుడు కలిపితే సుమారు 2.8 గ్రాముల భాస్వరం చేరుతుంది. తవుడులో కాల్షియం చాలా స్వల్పం. ఇప్పుడు నిష్పత్తి 20:4.8, అంటే సుమారు 4:1. తవుడులోని భాస్వరం చాలావరకు ఫైటేట్ రూపంలో ఉన్నా, నెమరువేసే పశువు కడుపులోని సూక్ష్మజీవులు దానిని విడదీసి ఇస్తాయి.

తల్లిదండ్రులకు: తవుడు మంచిదని ఆకు మాన్పించి అదే పెట్టరాదు. అప్పుడు భాస్వరం మితిమీరి మూత్రంలో రాళ్ళు ఏర్పడతాయి. మూత్రం బిగిసి, ముఖ్యంగా మేకపోతులు చనిపోతాయి. ఆకు, తవుడు ఒకదాని లోటును మరొకటి తీరుస్తాయి. తవుడును కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఎంత పెట్టాలో పశువైద్యుని అడగండి.

అభ్యాసం: పై లెక్కలో తవుడు 100 గ్రాములే కలిపితే నిష్పత్తి ఎంత?
(జవాబు: సుమారు 6:1)