"మనింట్ల గూడ ఒక మహానటుడున్నడు"

సమస్య



మాది ఇబ్రహీంపట్నం దగ్గర బాలాపూర్. మా ఆయన సెంట్రింగ్ పని చేస్తాడు. ఆదిబట్ల వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి కాబట్టి పనికి కొదవ లేదు. పొద్దంతా ఎండలో పని చేసి సాయంత్రం కల్లు దుకాణంలో కూర్చునేవాడు. మొదట్లో ఒక సీసా, తర్వాత రెండు, మూడు. తాగని రోజు చేతులు వణికేవి, రాత్రంతా నిద్ర ఉండేది కాదు, ఏవేవో మాటలు మాట్లాడేవాడు. ఒకసారి విసిగిపోయి ఇంట్లో పెట్టి తాళం వేశాను. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రికి తీసుకుపోతే, కల్లులో మత్తు మందు కలుపుతారని, ఇన్నాళ్లూ ఈయన ఒంటికి అలవాటైంది అదేనని డాక్టరు చెప్పాడు. అక్కడే ఉంచుకుని మందులిచ్చి మాన్పించారు. ఏడెనిమిది నెలలుగా ముట్టలేదు.

పోయిన ఆదివారం టీవీలో నటి సావిత్రి కథ 'మహానటి' వచ్చింది. పిల్లలు, అత్తమ్మ, మా బావ, అందరం తింటూ చూస్తున్నాం. సావిత్రి తాగే సీన్లు వచ్చేసరికి అత్తమ్మ, "గంత పేరు, గన్ని పైసలు, చేతులార ఆగం జేసుకున్నది. తాగుబోతుల బతుకు గంతే" అంది. బావ నవ్వుతూ, "మనింట్ల గూడ ఒక మహానటుడున్నడు గద" అన్నాడు. మా ఆయన కలిపిన పప్పన్నం పళ్లెం అట్లనే కింద పెట్టి బయటికి పోయాడు. అప్పటి నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. నిన్న రాత్రి, "గంత గొప్పామెనే బయట పడలే, నేనెంత?" అన్నాడు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు.

ఇంకోటి చెప్పాలి. ఆయన పని నుంచి రాగానే నీళ్లిచ్చే వంకతో దగ్గరికి పోయి నోటి వాసన చూస్తాను. ఆయనకూ తెలుసు. ఈ మధ్య చెప్పులు విప్పకముందే నోరు తెరిచి నిలబడుతున్నాడు. సిగ్గనిపిస్తుంది, కానీ చూడకపోతే నిద్ర పట్టదు.

దసరా వస్తోంది. అందరూ బావ వాళ్లింట్లోనే కూర్చుంటారు. తాగుబోతు అని తిట్టిన అత్తమ్మే, "పండుగ నాడు ఒక్క గిలాస తాగితే ఏమైతది, చెట్టు కల్లే గద" అంటోంది. సావిత్రి గురించి అత్తమ్మ అన్నది నిజమేనా మేడమ్? మా ఆయన కూడా అట్లాగే అయిపోతాడా? నేనేం చేయాలి?

– ఓ ఇల్లాలు, బాలాపూర్, రంగారెడ్డి జిల్లా

సలహా

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ ఒకచోట ఆగిపోయాను. చెప్పులు విప్పకముందే నోరు తెరిచి నిలబడుతున్న మీ ఆయన దగ్గర. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు అత్తమ్మ మాట తేల్చాలి.

సావిత్రి తాగింది, నిజమే. తాగుడు, దానికి తోడు చక్కెర వ్యాధి ఆమెను తినేశాయి. 1980లో బెంగళూరులో కోమాలోకి వెళ్లింది. పందొమ్మిది నెలలు అదే స్థితిలో ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూసింది. ఇంతవరకు పేచీ లేదు. "చేతులారా" అన్న దగ్గరే నాకు పేచీ. 1953లో వచ్చిన 'దేవదాసు' గుర్తు తెచ్చుకోండి. తాగి తాగి దేవదాసు ప్రాణం విడిచింది పార్వతి గుమ్మం ముందు. ఆ పార్వతి సావిత్రే. తాగినవాడి మత్తు కళ్లు రావడానికి దేవదాసు వేషం వేసిన అక్కినేని రాత్రిళ్లు పెరుగన్నం దండిగా తిని షూటింగ్‌కు వచ్చేవారని చెబుతారు. ఆ పెరుగన్నం మత్తుకు మనవాళ్లు డెబ్బై ఏళ్లుగా కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. నిజంగా తాగి, నిజంగా పోయిన ఆడమనిషికి మాత్రం ఒక్క ముక్కలో తీర్పు చెప్పేస్తారు. మగాడు తాగితే ప్రేమలో ఓడిపోయాడు, ఆడది తాగితే ఆగం చేసుకుంది! (మీ అత్తమ్మకు 'దేవదాసు' ఇష్టమేమో అడగండి. ఇష్టమేనని నా పందెం.)

ఇక మీ ఆయన మాట. "గంత గొప్పామెనే బయట పడలే" అన్నాడు కదా. సావిత్రికి పేరుంది, ప్రతిభ ఉంది, ఒకప్పుడు డబ్బూ ఉంది. తాగుడుకు అవేవీ మందు కావు. ఆ రోజుల్లో తాగుడుకు వైద్యం ఉంటుందని మన దగ్గర ఎంతమందికి తెలుసు? తిట్టడం, ఒట్టు పెట్టించడం, మాల వేయించడం, అంతే. ఆమె కోమాలోకి వెళ్లిన ఆ 1980లోనే, ఆమె ఉన్న మద్రాసులోనే, శాంతి రంగనాథన్ అనే ఆవిడ తాగుడు మాన్పించే చికిత్స కోసం ఒక సంస్థ మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడాదే ఆవిడ భర్త టి.టి. రంగనాథన్ తాగుడు వల్ల చిన్న వయసులోనే పోయారు. పేరున్న టీటీకే వ్యాపార కుటుంబం వాళ్లది, డబ్బుకు లోటు లేదు. భర్త పోయిన దుఃఖంలో ఇంట్లో కూర్చోకుండా ఆయన పేరు మీదే సంస్థ పెట్టి, వేల కుటుంబాలను నిలబెట్టారు. 1992లో పద్మశ్రీ వచ్చింది. సావిత్రికి ఆ వైద్యం ఆలస్యమైపోయింది. మీ ఆయనకు సమయానికి అందింది. కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది. అలాంటి చోట మీ ఆయన ఆస్పత్రికి వెళ్లి మందులు వాడి నిలబడ్డాడు. "నేనెంత?" అని ఈసారి అడిగితే ఈ లెక్క చెప్పండి.

అయితే మీకు తీపి మాటలు చెప్పి పంపను. హాలీవుడ్‌లో ఫిలిప్ సీమూర్ హాఫ్‌మన్ అని గొప్ప నటుడు ఉండేవాడు. 'కపోటి' సినిమాకు ఆస్కార్ అందుకున్నాడు. ఇరవై రెండేళ్ల వయసులో చికిత్స తీసుకుని మత్తు వదిలేసి, ఇంచుమించు 23 ఏళ్లు శుభ్రంగా ఉన్నాడు. మళ్లీ మొదలైంది. 2014 ఫిబ్రవరి 2న న్యూయార్క్‌లో తన ఫ్లాట్‌లో శవమై దొరికాడు. వయసు 46. ఒంట్లో దొరికిన మందుల జాబితాలో హెరాయిన్, కొకైన్‌తో పాటు బెంజోడయాజిపైన్లు అనే నిద్రమాత్రల జాతి మందులు కూడా ఉన్నాయి. మన కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డయాజిపాం ఆ జాతివే. న్యూయార్క్‌కూ ఇబ్రహీంపట్నానికీ సంబంధం ఏమిటనుకుంటారేమో, మందుల జాతి ఒకటేనమ్మా.

కొన్నేళ్లు మానేసినా జబ్బు పూర్తిగా పోయినట్టు కాదు, అణిగి ఉన్నట్టు. పైగా మానేశాక ఒంటికి పాత తట్టుకునే శక్తి పోతుంది. ఒకప్పుడు మూడు సీసాలు తాగినవాడు ఇప్పుడు అదే లెక్కన తాగితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి అత్తమ్మ చెప్పే "ఒక్క గిలాస" కాదు, ఒక్క చుక్క కూడా వద్దు. చెట్టు కల్లు అన్న భరోసా కూడా వద్దు. సీసాలో ఏం కలిసిందో తాగేవాడికి తెలియదు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లంతా కల్లే అనుకుని తాగారు.

మీరు తాళం వేసినప్పుడు ఫిట్స్ ఎందుకొచ్చాయో కూడా తెలుసుకోండి. ఆల్ప్రజోలానికి అలవాటైన ఒంటికి దాన్ని ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇలాంటి వాళ్లతో ఆస్పత్రులు నిండిపోయాయి. దేవుడి దయ వల్ల మీరు వేళకు ఆస్పత్రికి చేరారు. ఒకవేళ మళ్లీ తాగుడు మొదలైందే అనుకోండి, ఇంట్లో కట్టి పడేయొద్దు, పాత డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి. డాక్టరు ఇంకా ఏమైనా మాత్రలు రాసి ఉంటే ఆయన చెప్పకుండా ఆపొద్దు, పెంచొద్దు. బస్సుల మీద, గోడల మీద "తెలియకుండా అన్నంలో కలిపి తాగుడు మాన్పిస్తాం" అని అంటిస్తారు చూడండి, వాళ్ల జోలికి అసలు పోవద్దు. అందులో ఏముందో చెప్పరు, తిన్నాక ఆయన తాగితే గుండె మీదికి వచ్చే ప్రమాదం ఉంటుంది.

ఇక నోటి వాసన.

మీ భయం నాకు అర్థమవుతోంది. ఎన్ని రాత్రులు ఆ వాసనతో వేగి ఉంటారో. కానీ తాగడం మానేసి నెలలు గడిచినా రోజూ గుమ్మంలో దొంగలా నిలబడుతున్నాడు ఆయన. దొంగగా చూసే ఇంట్లో ఎవరూ నిజం చెప్పరు. తాగాలనిపించిన సాయంత్రం మీకు చెప్పుకోవాలి కానీ మీ నుంచి దాచాలనుకోకూడదు. ఈ రోజే కూర్చుని చెప్పండి: "ఇక వాసన చూడను. తాగాలనిపిస్తే నాకు చెప్పు, తిట్టను. ఒకవేళ తాగినా ఆ రాత్రే చెప్పు, పొద్దున ఇద్దరం డాక్టరు దగ్గరికి పోదాం." మొదటి వారం మీకు కష్టంగా ఉంటుంది. నీళ్లు మాత్రం ఇవ్వండి. ఆస్పత్రి వాళ్లు రమ్మన్న తేదీలకు తప్పకుండా ఇద్దరూ వెళ్లండి. మనసులోది చెప్పుకోవడానికి మీకూ ఒక చోటు కావాలి. తాగేవాళ్ల భార్యల కోసం, కుటుంబాల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ అనే సమూహాలు హైదరాబాద్‌లోనూ నడుస్తున్నాయి. పైసా తీసుకోరు. ఇబ్రహీంపట్నం నుంచి వెళ్లిరావడం కష్టమేమీ కాదు.

బావగారి జోకు సంగతి మీ ఆయన తేల్చాల్సిన పని కాదు, మీరు తేల్చండి. పండుగకు ముందే, నలుగురూ లేని వేళ చూసి మర్యాదగా చెప్పండి: "బావా, ఆయనకు జబ్బు చేసింది, ఆస్పత్రిలో మానుకున్నడు. షుగర్ ఉన్నోళ్ల ముందట మిఠాయి పెట్టి నవ్వుతమా? నువ్వు నవ్వితే ఆయన మళ్లా దుకాణం దిక్కు చూస్తడు." వినకపోతే, 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా అనారోగ్యం కిందే లెక్కేసిందని చెప్పండి. బావగారికి చట్టం మీద గౌరవం ఉండకపోవచ్చు, కానీ తమ్ముడు చస్తే మీ పిల్లల్ని ఎవరు సాకాలన్న ప్రశ్న మాత్రం తలకెక్కుతుంది. అత్తమ్మను ఒక్కసారి మీతో పాటు ఆస్పత్రికి తీసుకెళ్లండి. కోడలు చెబితే వినని మాట డాక్టరు చెబితే వింటుంది. అది మన అత్తల సంప్రదాయం.

దసరాకు వెళ్లకుండా ఉండమని చెప్పను, ఊళ్లో బతకాలి కదా. పొద్దున్నే వెళ్లండి. సాయంత్రం జమ్మి పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకుని, పెద్దల కాళ్లు మొక్కి, సీసాలు బయటికి వచ్చే వేళకు అక్కడి నుంచి బయలుదేరండి. రాత్రి భోజనం మీ పుట్టింట్లో పెట్టుకోండి. ఎవరైనా గ్లాసు చేతికిస్తే ఏం చెప్పాలో ముందే ఇద్దరూ అనుకోండి. "డాక్టర్ వద్దన్నడు" చాలు, అంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

చివరిగా ఒక్కటి, ఆలస్యం చేయకండి. "నేనెంత" అన్నవాడు నిజంగా ఏమనుకుంటున్నాడో మీకు తెలియాలి. "చావాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రయినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మత్తు మాన్పించే చికిత్స వివరాలకు 14446 ఉంది. ఆయన ఫోన్‌లోనూ మీ ఫోన్‌లోనూ ఈ రెండు నంబర్లూ ఇవాళే ఎక్కించుకోండి.