తీరిక వేళల చేతిపని, దాని లెక్క

సేద్యమునకు లెక్క వ్రాసికొనవలెనని మేము రైతు సోదరులకు పలుమారు చెప్పియున్నాము. విత్తన మెంత, ఎరు వెంత, కూలి యెంత, పంట యెంత యని లెక్కించు రైతు సయితము తన యింటిలోనే జరుగు మరియొక పనికి లెక్క వేయుట లేదు. అది యాడువారి చేతిపని. బొంత కుట్టుట, ఊలు అల్లుట, లేసు తీయుట మొదలగునవి యన్నియు ఊరక కూర్చుండక చేసిన పనులని మన మనుకొనుచున్నాము. ఊరక చేసిన పనియని మనమే యనుకొన్నచో దానికి ఊరక ధరయే వచ్చును. ఈ పాఠమునకు మూలమిదియే.

ఉప్పల్, నాచారము గ్రామముల నుదాహరణముగా గైకొందము. హైదరాబాదునకు తూర్పున నున్న యీ రెండును ఒకప్పుడు సేద్యముపై బ్రతికిన పల్లెలు. ఉప్పలులో నల్లచెరువు నేటికిని గలదు. మూసీ యొడ్డున నున్న భాగమునకు భగాయత్ అని పేరు. బాగాయతు అనగా తోటభూమి. ఆ తోటలు ఇండ్ల స్థలములైనను పేరు మాత్రము పాత సేద్యమును జ్ఞప్తికి దెచ్చుచున్నది. నాచారములో కర్మాగారములు వెలసినవి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో కలిసినది. 2017లో నాగోలు నుండి ఉప్పలు మీదుగా మెట్రో రైలు నడచుట కారంభమైనది. భూమి పోయిన యింట సేద్యపు పనియు పోయినది. కాని పని నేర్చిన చేతులు పోలేదు. కలుపు తీసి, నూర్పిడి చేసిన చేతులకు మధ్యాహ్నవేళ తీరిక చిక్కినది. పూర్వము పెరటిలో దొరకినదానిని సయితము ఇప్పుడు కొనవలసివచ్చుటచే ఖర్చు హెచ్చినది. నగరము చేరువగుచున్న ఇతర గ్రామములకును రేపు ఇదే స్థితి రావచ్చును గనుక ఈ పాఠము వారికిని అక్కరకు వచ్చును.

చేతిపని రెండు విధములు: ఇంటి వాడుకకు చేయునది యొకటి, అమ్మకమునకు చేయునది మరియొకటి. ఈ రెంటి లెక్కయు ఒక్కటి కాదు. మొదటిదానిలో కొనవలసిన వస్తువు కొనకుండుటయే లాభము. రెండవదానిలో మన గంటకు వచ్చిన కూలియే లాభము. ఈ భేద మెరుగనివారు మొదటిదానిని చులకన చేసి, రెండవదానిలో నష్టపోవుదురు.

ఇంటి వాడుక: బొంత

బొంత నెరుగని రైతు కుటుంబము లేదు. అయినను సరిగా కుట్టిన బొంతకును, త్వరపడి కుట్టిన బొంతకును మన్నికలో చాల భేదము గలదు. పాత నూలుచీరలను మాత్రమే తీసికొనవలెను. కృత్రిమపు దారపు చీరలు చెమటను పీల్చవు; సూది క్రింద జారును. చీరలను రాత్రి నీట నానవేసి, గంజి పోవునట్లు ఉతికి, ఎండలో బాగుగా నారవేయవలెను. పిమ్మట వెలుతురునకు పట్టి చూచినచో ఎక్కడ చివికినదో తెలియును. ఆ భాగము లోపలి పొరలలోనికి పోవలెను.

ఆరు గజముల చీరను పొడవున మూడు మడతలు వేసినచో ఆరడుగుల పొడవు, ఇంచుమించు మూడు ముక్కాలడుగుల వెడల్పు గల మూడు పొరలగును. రెండు చీరలతో ఆరు పొరలు వచ్చును. ఒక మనిషికి ఇది చాలును. గట్టి భాగములు పైకిని క్రిందికిని ఉండునట్లు పరచి, ముడుతలు లేకుండ చేతితో సవరించి, మొదట నడుమ నుండి అంచులవైపునకు జానెడు దూరమున పెద్ద కుట్లు వేయవలెను. అంచుల నుండి నడుమకు వేసినచో ముడుతలన్నియు నడుమ చేరును. అటుపిమ్మట రెండు వ్రేళ్ల యెడముతో వరుసలు కుట్టవలెను. వరుసలు దూరమైనచో ఉతికినప్పుడు లోని పొరలు జరిగి ఒకచోట ముద్దగట్టును. తుదకు అంచు చుట్టును పాత చీర అంచునే పట్టీగా వేసి కుట్టి, పెద్ద కుట్లను తీసివేయవలెను. ఇందులో కొన్నది దారము మాత్రమే. బజారున దుప్పటి ధర కనుగొని, అందులో దారపు ఖర్చు తీసివేసినచో మిగిలినదే ఇంటికి దక్కిన పొదుపు.

ఇంటి వాడుక: ఊలు అల్లిక

మన ప్రాంతమున చలి దినములు కొలదియే. మార్గశిర, పుష్యములలో తెల్లవారుజామున చలి యెక్కువగా నుండును. ఎండ యెక్కగనే తగ్గును. కావున ఇంటిల్లిపాదికి బరువైన ఉన్ని చొక్కాలు అల్లుట పొదుపు కాదు. చిన్నబిడ్డ టోపీ, ముసలివారికి మెడపట్టీ, చేతులు లేని చొక్కా యివి చాలును.

క్రొత్త ఊలు కొనుటకు ముందు పాత చొక్కాను చూడవలెను. లోపలివైపు అతుకులను పరీక్షింపుడు. అతుకు దగ్గర అంచు కత్తిరించి మిషనుతో చుట్టియున్నచో విప్పినపుడు తునుకలు తునుకలుగా వచ్చును, అది పనికిరాదు. అంచు కత్తిరింపక, నిండు కుట్లతో నున్నచో దారము తెగకుండ వచ్చును. విప్పిన దారమును కుర్చీ వీపునకు చుట్టి, మూడు నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీట ముంచి, పిండక నీడను వ్రేలాడగట్టవలెను. ముడుతలు పోయి దారము తిన్ననగును. పిమ్మట ఉండ చుట్టుకొనవలెను.

మా యింట మొదటిసారి అల్లిన టోపీ బిడ్డ కన్నుల మీదికి దిగినది. కారణమేమనగా మేము కొలత చూడక, పొరుగువారు చెప్పిన కుట్ల సంఖ్యనే వేసితిమి. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కొక్క తీరు. కనుక మొదట నాలుగంగుళముల నమూనా ముక్క అల్లి కుట్లు లెక్కింపవలెను. నాలుగంగుళములకు 20 కుట్లు వచ్చిన, అంగుళమునకు 5 అగును. బిడ్డ తల చుట్టుకొలత 18 అంగుళములైనచో, అల్లిక సాగును గనుక ఒక అంగుళము తగ్గించి 17గా లెక్కింపవలెను. 17ను 5చే గుణింప 85. జంట గీతల అంచు సరిగా కుదురుటకు 86 వేయుదము.

అల్లు విధ మిది. రెండు సూటివి, రెండు తిరుగువి (వీనినే హైదరాబాదు ప్రాంతమున సీదా, ఉల్టా యందురు) ఇట్లు ఒకటిన్నర అంగుళముల అంచు అల్లవలెను. తరువాత ఒక వరుస అంతయు సూటి, ఒక వరుస అంతయు తిరుగు చొప్పున మొత్తము నాలుగున్నర అంగుళములగు వరకు పోవలెను. ఇక తగ్గింపు. రెండు కొసలను ఒక్కొక్క కుట్టు విడిచి, నడిమి 84 కుట్లను 12 చొప్పున 7 భాగములు చేసి, ప్రతి భాగము చివర రెండు కుట్లను కలిపి అల్లవలెను. సూటి వరుసలలో మాత్రమే ఇట్లు చేయవలెను. వరుసకు 7 చొప్పున తగ్గి, పదునొకండు తగ్గింపులకు 9 కుట్లు మిగులును. దారము తెంచి, సూదితో ఆ తొమ్మిదింటి గుండ బోనిచ్చి, బిగించి, ప్రక్క అతుకు కుట్టినచో టోపీ సిద్ధము. ఇందులకు ఇంచుమించు 50 గ్రాముల ఊలు పట్టును. చల్లని నీట ఉతికి, పిండక, నీడను పరచి ఆరవేయవలెను.

అమ్మకము: నరసాపురము చెప్పు పాఠము

ఇంటి వాడుకకు చేసిన పని బాగుండుట చూచి, దీనినే అమ్మకూడదా యను కోరిక పుట్టుట సహజము. అందులకు ముందు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురపు లేసు చరిత్ర తెలిసికొనవలెను. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఆ ప్రాంతపు స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పిరి. ఆ పని వ్యవసాయ కుటుంబములకు వ్యాపించినది. సరకు విదేశములకు పోయినది, వర్తకులు ధనవంతులైరి. అల్లినవారి స్థితి మాత్రము అట్లు మారలేదు.

జర్మను దేశీయురాలైన సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అచ్చటి స్త్రీల బ్రతుకును పరిశీలించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆమె చూపిన కారణము మన రైతులకు తేటగా బోధపడును. దారమిచ్చువాడు వర్తకుని మనిషి. లేసు తీసికొనువాడును వాడే. ధర కట్టువాడును వాడే. ఒకరు పూవు లల్లుదురు, మరియొకరు వానిని అతుకుదురు. పూర్తియైన సరకు ఎచ్చట ఎంతకు అమ్ముడుపోవునో అల్లినవారికి తెలియదు. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు పనిచేసినను వారిని పనివారని గాక, తీరిక పుచ్చుకొను గృహిణులనియే యెంచిరి. విత్తనమిచ్చిన షావుకారునకే పంటను కళ్లమునందే యొప్పగించు రైతు స్థితికిని దీనికిని భేదమేమి? ఆ లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సరకునకు పేరు వచ్చుట మంచిదే. అల్లిన చేతికి కూలి వచ్చుట వేరొక మాట.

లెక్క యెట్లు వేయవలెనో చూతము. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ఒక బల్లగుడ్డ 300 రూపాయలకు అమ్మితిమనుకొందము. దారము 100 రూపాయలు. మిగిలినది 200. చూచుటకు మంచి లాభమే. కాని అల్లుటకు 20 గంటలు పట్టినచో గంటకు 10 రూపాయలు మాత్రమే. ఆ గంటలు వ్రాసికొననివారికి ఇది లాభముగనే తోచును. వ్రాసికొన్నవారు ధర పెంపవలెనా, త్వరగా నగు వేరొక వస్తువు చేయవలెనా, లేక మానుకొనవలెనా యని నిర్ణయింపగలరు.

సంఘము చేయదగినది

ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణమున నేతపనివారు మొదలగు 28 మంది 1844లో సహకార సంఘముగా నేర్పడి, ఆ సంవత్సరము డిసెంబరు 21న అంగడి తెరచిరి. వారు నేసిన గుడ్డ నమ్ముటతో నారంభింపలేదు. పిండి, వెన్న, చక్కెర వంటి నిత్యావసరములను కలిసి కొనుటతో నారంభించిరి. మనమును అట్లే కొనుగోలుతో మొదలుపెట్టుట క్షేమము. పదిమంది గృహిణులు కలిసి దారము, ఊలు మొత్తముగా కొన్నచో ధర తగ్గుటయే గాక, దారమిచ్చినవానికి కట్టుబడియుండు అగత్యము తప్పును.

రెండవది, ప్రతి సభ్యురాలికి ఒక చిన్న పుస్తకము: సరకు, ఖర్చు, గంటలు, వచ్చిన ధర. మూడవది, సంఘము ఆమోదించిన నమూనా ఒకటి. దాని కొలతకు, కుట్టునకు సరిపడని వస్తువును అమ్మకమునకు పెట్టరాదు. నాలుగవది, సరకు తయారగుటకు ముందే బజారు చూచుట. ఉప్పలులో మూసీ యొడ్డున 2019లో నెలకొన్న శిల్పారామము వంటి చోట్లకు పోయి, ఏ వస్తువు ఎంతకు పోవుచున్నదో కన్నులార చూచి రావలెను. అయిదవది, అన్నిటికంటె ముఖ్యమైనది: సభ్యత్వము చేయు ఆమె పేరనే యుండవలెను, పైకము ఆమె చేతికే చేరవలెను. భర్త పేర ఖాతా యుంచి భార్యచే పని చేయించు సంఘము, వర్తకుడు చేసిన తప్పునే తానును చేసినదగును.

రైతు సోదరులారా, ఈ రాత్రి మీ యింట బొంత కుట్టుచున్న వారిని ఒక్క ప్రశ్న యడుగుడు: దీనికెన్ని గంటలు పట్టినది? ఆమె నవ్వి, ఎవరు లెక్కపెట్టిరి యనవచ్చును. మీ సేద్యపు లెక్కల పుస్తకములో ఒక పుట ఆమెకు విడువుడు. రేపటి నుండి ఆమె చేతి వ్రాతతోనే లెక్క యారంభమగుగాక.