వీధి చివరి సుషీ అంగడి

జపాను వారి భోజనమనగానే మనలో చాలామందికి పచ్చి చేప స్ఫురిస్తుంది. సుషీ అన్న పేరు విన్నవారు సైతం అది పచ్చి చేపకు మరో పేరనే తలుస్తారు. అన్నం లేకుండా వడ్డించే పచ్చి చేప ముక్కలను జపానులో సషీమీ అంటారు. సుషీ ప్రధానంగా అన్నమే. మనం వెనిగరనీ, హైదరాబాదు ఇళ్ళలో సిర్కా అనీ పిలిచే పులుపును, ఉప్పును, కొద్దిగా చక్కెరను కలిపిన అన్నమది. దాని మీద ఉడికిన పాముచేప ఉన్నా, గుడ్డట్టు ఉన్నా, లోపల దోసకాయ ముక్క ఉన్నా అది సుషీయే. జపాను వీధులలోని చిన్న సుషీ అంగడి ఎట్లా పుట్టింది, ఎందుకు నిలిచింది, నేడెందుకు తగ్గిపోతున్నది అన్న సంగతి గ్రహించాలంటే ఈ అన్నం నుంచే ఆరంభించాలి.

పూర్వం సుషీ అనేది చేపను నిలవచేసే ఉపాయం. బివా సరస్సు తీరాన ఇప్పటికీ చేసే ఫునజుషీ దానికి నిదర్శనం. చేపకు ఉప్పు పట్టించి, వండిన అన్నంతో పొరలు పొరలుగా పేర్చి, పైన బరువు పెట్టి నెలల తరబడి ఉంచుతారు. అన్నం పులిసి లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. మన తరవాణి కుండలో జరిగేదీ ఈ పనే. ఆ ఆమ్లం చేపను కుళ్ళనివ్వదు. ఆదిలో అన్నాన్ని పారవేసి చేపను మాత్రమే తినేవారు. క్రమంగా ఊరబెట్టే వ్యవధి తగ్గి, అన్నం కూడా భోజ్యమైంది. చివరకు పులిసేదాకా వేచి ఉండడం మాని, సిర్కాతోనే పులుపు తెచ్చుకున్నారు.

నేటి టోక్యోకు పూర్వనామం ఎడో. 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఆ నగరపు వీధి బండ్లపై, చేతితో అప్పటికప్పుడు ఒత్తి ఇచ్చే నిగిరి సుషీ వెలసింది. హనాయా యోహే (1799-1858) అనే వర్తకుడిని దీనికి ఆద్యుడిగా చెప్పుకుంటారు. నాటి ముద్ద నేటి ముద్దకంటె చాలా పెద్దది. మంచుగడ్డలు లేని కాలం గనుక చేపను పచ్చిగా పెట్టడం అరుదు. ఉప్పు, సిర్కాలలో ఊరబెట్టేవారు, సోయా రసంలో నానబెట్టేవారు, లేదా ఉడికించేవారు. పచ్చి చేపకే పేరుపడిన ఈ వంటకం పుట్టినప్పుడు పచ్చిది కాదన్నమాట.

వృత్తివారు ఈ అన్నాన్ని షారి అంటారు. ఈ మాట మనకు దూరపుది కాదు. సంస్కృత ‘శరీర’ శబ్దం బౌద్ధంతోపాటు చైనా మీదుగా జపాను చేరి, బుద్ధుని ధాతువులకు పేరయింది. తెల్లని మెతుకులు ఆ ధాతువులను పోలి ఉన్నందున అన్నానికీ ఆ పేరు వచ్చిందని చెబుతారు. 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించిన భట్టిప్రోలు స్తూపంలోని ధాతుకరండాలపై, బుద్ధుని ధాతువులను పేర్కొనే చోట ఈ శబ్దమే కనిపిస్తుంది. కృష్ణాతీరపు శాసనంలోని పదం టోక్యో అంగడిలో అన్నానికి పేరై వినబడడం భాషాభిమానులకు ముచ్చట గొలిపే విషయం.

అన్నం వండడం సులభమని అనుకోరాదు. మన సన్నబియ్యంలో అమైలోజు పాలు ఎక్కువ గనుక మెతుకులు విడివిడిగా ఉంటాయి. జపాను పొట్టిబియ్యంలో అది తక్కువ గనుక మెతుకు మెతుకును పట్టుకుంటుంది. ముద్ద చేతిలో విడిపోకూడదు, నోటిలో విడిపోవాలి. వడ్డించే వేళకు అది ఇంచుమించు మనిషి ఒంటి వేడితో ఉండాలి. అన్నం నేర్వడానికి మూడేళ్ళు, ముద్ద పట్టడానికి ఎనిమిదేళ్ళు అని ఆ వృత్తిలో నానుడి.

ఇక అంగడి విషయం. గుమ్మానికి వ్రేలాడే గుడ్డతెర తొలగించి లోపలికి వెళితే పొడవైన కొయ్యబల్ల, దాని ముందు పట్టుమని పది ఆసనాలు. బల్ల వెనుక నిలిచే నిపుణుని ఇటమాయె అంటారు. పలక ముందు నిలిచేవాడని అర్థం. పలుచోట్ల కొన్ని చేపలకు ధర వ్రాసి ఉండదు, ‘నాటి ధర’ అని మాత్రమే ఉంటుంది. ఏమి తినాలో తోచనివారు ‘ఒమకసే’ అంటారు, అంటే అంతా మీకే వదిలివేస్తున్నానని. చేతితో తినడం అక్కడ తప్పు కాదు. మనవారికి ఇది ఊరట. మద్యం తగలని ఆహారం కోరే విద్యార్థులు మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి, పాముచేపపై పూసే రసం వంటివాటిలో మిరిన్ అనే తియ్యని బియ్యపు మద్యం కలుస్తుంది.

ధర తెలియకుండా, వండని చేపను పరాయి చేతినుంచి అందుకొని తినడం సాహసమే. అనిసాకిస్ అనే పురుగు కొన్ని సముద్రపు చేపలలో ఉంటుంది. సిర్కా, ఉప్పు, వసాబి దానిని చంపవని జపాను ఆరోగ్యశాఖ హెచ్చరిస్తున్నది. మైనస్ 20 డిగ్రీల చలిలో 24 గంటలకు పైగా ఉంచితే అది చస్తుంది. అట్లా గడ్డకట్టించని చేపకు ఇటమాయె కన్నే కాపలా. వీధివారు ఆ అంగడికి వెళ్ళేది ఆ కంటిని ఎరిగి ఉన్నందువల్లనే.

ఈ పరిచయం ఒకప్పుడు వృత్తినే కాపాడింది. యుద్ధానంతరం తిండికొరత తీవ్రమై, 1947 జూలైలో ప్రభుత్వం భోజనశాలలను చాలావరకు మూయించింది. టోక్యో సుషీ వర్తకులు ఒక యుక్తి పన్నారు. తాము భోజనం అమ్మడం లేదనీ, గృహస్థులు తెచ్చిన బియ్యాన్ని కూలికి సుషీగా మార్చి ఇస్తున్నామనీ విన్నవించి అనుమతి పొందారు. ఒక గో, అంటే సుమారు 150 గ్రాముల బియ్యం తెచ్చినవారికి పది ముద్దలు. రేషను బియ్యాన్ని మూటగట్టుకొని అంగడి ముందు నిలిచిన ఆ ఇరుగుపొరుగు వారే లేకుంటే వీధి సుషీ ఏమయ్యేదో! ఇతర ప్రాంతాలవారూ ఈ పద్ధతినే అనుసరించడంతో టోక్యో నిగిరి దేశమంతటా వ్యాపించింది.

1958లో ఒసాకా సమీపాన షిరైషి యోషియాకి అనే వర్తకుడు, బీరు కర్మాగారంలో సీసాలను మోసే పట్టాను చూసి, పళ్ళేలు వాటంతటవే తిరిగే అంగడి తెరిచాడు. 1970 ఒసాకా ప్రదర్శనతో దానికి ప్రాచుర్యం లభించింది. పళ్ళెం రంగే ధరను తెలుపుతుంది గనుక చిన్న జీతగాడు సైతం పిల్లలతో నిర్భయంగా లోపలికి వెళ్ళగలిగాడు. దీనిని నిందించడం న్యాయం కాదు. కొయ్యబల్ల ముందు కూర్చునే ధైర్యం అందరి జేబుకూ ఉండదు. అయితే అక్కడ తినేవారెవరో వడ్డించేవారికి తెలియదు. 2023 జనవరిలో అటువంటి ఒకచోట ఒక యువకుడు సోయా రసపు సీసా మూతిని నాకుతున్న దృశ్యం దేశమంతా పాకింది. అటుపిమ్మట పలుచోట్ల పళ్ళేలను ఊరక తిప్పడం మాని, అడిగినవారికే పంపసాగారు.

వీధి అంగళ్ళు మాత్రం ఏటికేడు తగ్గుతున్నాయి. యజమానులు వృద్ధులు, పగలంతా నిలబడి పదేళ్ళు నేర్చే ఓపిక గల కుమారులు కొద్దిమంది. మిగిలినవాటిలో కొన్ని ఇంకా ఇండ్లకు సుషీ పంపుతాయి. బంధువులు వచ్చిన ఇంటికి నిగనిగలాడే లక్కపూత తొట్టె వస్తుంది. తిన్న తరువాత ఇంటివారు దానిని కడిగి గుమ్మం బయట ఉంచుతారు. మరునాడు అంగడి మనిషి వచ్చి దానిని తీసుకొనిపోతాడు.